అబ్బాయి హాస్టల్‌లో, ట్యాంకు నిండా నాచు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. పదో తరగతి చదివే కొడుకు కిందటేడు పట్టుబట్టి రెండడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టించుకున్నాడట. రాళ్లు, ఇసుక పోగా అందులో పట్టేది 60 లీటర్ల నీళ్లు. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, రెండు హెర్మిట్ పీతలు, కొన్ని నత్తలు, జోవాంథిడ్లు (పువ్వుల్లా విచ్చుకునే, పగడాల్లాంటి చిన్న జీవులు; ముద్దుగా జోవాలు) అతుక్కున్న ఒక రాయి ఉన్నాయి. జూన్‌లో అబ్బాయి ఇంటర్‌కి విజయవాడ శివారులోని ఒక కాలేజీ హాస్టల్‌కి వెళ్లాడు. ఏం చేయాలో ఒక నోటుబుక్కులో రాసిచ్చి మరీ వెళ్లాడు.

మిగతాది ఆయన మాటల్లోనే: "రాళ్ల మీద ఆకుపచ్చ పీచు అంగుళం పైనే పెరిగింది. ఇసుక మీద ఎర్రటి పొర కమ్మింది. నత్తలు ఒక్కొక్కటే చచ్చిపోయి రెండు మిగిలాయి. జోవాలు విచ్చుకోవడం మానేశాయి. నీళ్లు పరీక్షించే కిట్‌తో చూస్తే నైట్రేట్ మాత్రం సున్నా చూపిస్తోంది. నీళ్లు తగ్గితే మా ఆవిడ మామూలు రోజుల్లో క్యాన్ నీళ్లు పోస్తుంది, ఆదివారం నేను ఉప్పు కలిపిన నీళ్లు లీటరున్నర పోస్తాను. రెండు వారాలకోసారి పది లీటర్లు మారుస్తున్నాను. చేపలంటే మా అమ్మకి ప్రాణం, అటు వెళ్లినప్పుడల్లా నాలుగు గింజలు వేస్తుంది. లైటు పొద్దున్న ఏడింటి నుంచి రాత్రి పడుకునేదాకా ఉంటుంది. మా బామ్మర్దికి రేపల్లె దగ్గర రొయ్యల చెరువులున్నాయి. చిటికెడు మైలుతుత్తం వేస్తే రెండు రోజుల్లో శుభ్రం అంటున్నాడు. షాపతను ఒక సీసా మందు ఇస్తానంటున్నాడు. మా ఆవిడ ఎవరికైనా ఇచ్చేయమంటోంది. నెలకోసారి అబ్బాయిని చూడ్డానికి వెళ్తే వాడు ముందు అడిగేది ట్యాంకు ఫొటోలే. నేను మే నెలలో తీసినవే చూపిస్తున్నాను. దసరాకి ఇంటికి వస్తాడు. ఈలోపు ఇది బాగవుతుందా? లేక తీసేయడమే నయమా?"

నమస్కారం అండీ.

మీ ట్యాంకు చెయ్యి దాటిపోలేదు. క్లౌన్లు, గోబీ మేత తింటున్నాయంటే ఇంకా పట్టు మీ చేతిలోనే ఉంది. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది నాచు కాదు, ఆదివారం పోసే ఆ లీటరున్నర ఉప్పునీళ్లు.

ట్యాంకులో నీటి మట్టం తగ్గేది ఆవిరై. ఆవిరిలో పోయేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. అద్దం పైఅంచున తెల్లగా పొక్కులు కట్టినట్టు కనబడేది ఆ ఉప్పే. కాబట్టి తగ్గినంత మేరా మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోయాల్సింది పాత నీళ్లు తీసి కొత్తవి మార్చేటప్పుడు మాత్రమే. అబ్బాయి పుస్తకంలో ఈ రెండూ వేర్వేరుగా రాసి ఉంటాయి, ఒకసారి చూడండి. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మీ 60 లీటర్లలో మొత్తం ఉండాల్సింది రెండు కిలోల పైచిల్లర. మీరు ఆదివారం ఆదివారం 50 గ్రాములకు పైగా అదనంగా కలుపుతున్నారు. పది వారాలకు అది అరకిలో. నీళ్లు మార్చినప్పుడు కొంత బయటికి పోయినా, మిగిలింది తక్కువేమీ కాదు. చేపలు కొంతవరకు ఓర్చుకుంటాయి. నత్తలు, జోవాలు ఓర్చుకోలేవు. నత్తలు నాచు వల్ల చచ్చిపోయాయని మీరు అనుకుంటూ ఉండొచ్చు. నాకు అనుమానం ఉప్పు మీదే. చచ్చిన నత్త గుల్లలోనే కుళ్లి మళ్లీ ఆ నాచుకే ఎరువవుతుంది.

అందుకని ఇవాళ చేయాల్సిన మొదటి పని నీటి సాంద్రత చూడటం, ఉప్పు ఎంతుందో దాన్నిబట్టే తెలుస్తుంది. అబ్బాయి దగ్గర హైడ్రోమీటర్ ఉండే ఉంటుంది. ముల్లుండే ప్లాస్టిక్ డబ్బా రకమైతే నీళ్లు నింపాక వేలితో నాలుగుసార్లు తట్టండి, ముల్లుకి బుడగలు అంటుకుంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. 1.025, 1.026 దగ్గర ఉంటే నా అనుమానం తప్పు, ఈ భాగం వదిలేయండి. 1.029, 1.030 అలా ఉంటే కంగారుపడి ఒక్కరోజులో దించొద్దు. రోజుకు లీటరున్నర ట్యాంకు నీళ్లు తీసి, అంతే ఆర్‌ఓ నీళ్లు నెమ్మదిగా పోయండి. వారం లోపు దారికొస్తుంది. రోజూ పోసేముందు ఒకసారి కొలవండి. దించడం ఆలస్యమైనా ఫర్వాలేదు, తొందరే ప్రమాదం.

ఇక పోసే నీళ్లు. క్యాన్ నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి, ట్యాంకుకి చాలవు. తాగే నీళ్లలో రుచి కోసం కొన్ని లవణాలు ఉంచుతారు. ఇంట్లో ప్యూరిఫయర్లలో కూడా టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ ఉంటే కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతుంది. తాగేవాళ్లకి ఆ కాస్త లవణం లెక్కలోకి రాదు. రోజూ ఆవిరవుతూ రోజూ పోస్తూ ఉండే ట్యాంకులో మాత్రం ఫాస్ఫేట్, సిలికేట్ లాంటివి పేరుకుంటాయి. జేబులో పట్టే టీడీఎస్ మీటరు కొద్ది వందల రూపాయలకు వస్తుంది. సున్నా దగ్గర చూపించే నీళ్లే వాడండి. ప్యూరిఫయర్‌కి ఆ కంట్రోలర్‌ని మూసేయమని మెకానిక్‌ని అడగొచ్చు, లేదా ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను లాగేసే డీఅయనైజింగ్ గుళికల గొట్టం ఒకటి తగిలించొచ్చు. మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, అవి ట్యాంకు దరికే రాకూడదు. ఏసీ నుంచి కారే నీళ్లు స్వచ్ఛమని కొందరు పట్టి పోస్తుంటారు. అవి రాగి గొట్టాల మీదుగా వస్తాయి, వద్దు. సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లే తెచ్చుకోవచ్చు కదా అని కూడా అనిపించొచ్చు. వరదల రోజుల్లో తీరం దగ్గర నీళ్లలో బురద, పొలాల మీద నుంచి కొట్టుకొచ్చే ఎరువులు ఉంటాయి, ఉప్పు శాతం ఎప్పుడెంతో తెలియదు. అబ్బాయి తెచ్చిన సాల్ట్ ప్యాకెట్టే మేలు.

నైట్రేట్ నాచుకి ఎరువు. అది సున్నా చూపిస్తోందని రాశారు, మరి నాచు ఎందుకొచ్చింది? మంచి ప్రశ్నే. కిట్ చూపించేది నాచు తినగా నీళ్లలో మిగిలినదాన్ని. నీళ్లలోకి వచ్చింది వచ్చినట్టు ఆ పీచే లాగేసుకుంటోంది, అందుకే మీకు సున్నా కనబడుతోంది. మీరు గుంటూరువారు కాబట్టి ఒక్క మాటలో చెప్తాను: మిరప చేలో కలుపు పీకుతూ, ఆ కలుపు మొదట్లోనే యూరియా చల్లుతూ పోతే ఏమవుతుందో మీ ట్యాంకులో అదే జరుగుతోంది. పీకడం అవసరమే. యూరియా ఆగడం అంతకన్నా అవసరం.

మీ ఇంట్లో యూరియా ఎక్కడిదంటే, మీ అమ్మగారి ప్రేమ. మీకిది చెప్పడానికి నాకు మనసొప్పట్లేదు కానీ చెప్పాలి. క్లౌన్లు మనిషి కనబడితే చాలు అద్దం దగ్గరికొచ్చి తోకాడిస్తాయి. అవి ఆకలితో వస్తున్నాయని ఎవరికైనా అనిపిస్తుంది. కడుపు నిండినా అలాగే వస్తాయి. మూడు చిన్న చేపలకు రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. అడుగుకు జారిపోయిన ప్రతి గింజా కుళ్లి ఫాస్ఫేటు, నైట్రేటు అవుతుంది. అలాగని అమ్మగారిని వేయొద్దని ఆపకండి. అబ్బాయి వెళ్లాక ఇంట్లో ఆ చేపలతో మాట్లాడేది ఆమే అయి ఉంటారు. పొద్దున్నే ఆ రోజు మేతను చిన్న డబ్బాలో తీసిపెట్టి ఆమె చేతికివ్వండి. ఒకేసారి వేస్తారో, రెండుసార్లు వేస్తారో ఆమె ఇష్టం. పెద్ద డబ్బా మాత్రం బీరువాలో ఉండాలి. గడ్డకట్టిన మేత వాడుతుంటే టీ వడపోతలో వేసి ఆర్‌ఓ నీళ్లతో కడిగి వేయండి, ఆ రసంలోనే ఫాస్ఫేట్ ఎక్కువ.

లైటు ఏడెనిమిది గంటలు చాలు. మీ దగ్గర దాదాపు పదహారు గంటలు వెలుగుతోంది. ప్లగ్గుకి తగిలించే టైమరు కొని మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిదిదాకా పెట్టండి, ఇంట్లో అందరూ చూసే వేళ కూడా కలిసొస్తుంది. కిటికీ ఎండ నేరుగా పడుతుంటే తెర వేయండి.

ఇప్పుడు చేత్తో చేసే పని. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి. ముందు చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోండి. జోవాంథిడ్లు చూడ్డానికి పువ్వుల్లా ఉంటాయి కానీ కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. చర్మం మీద గాటు ఉంటే చాలు, లోపలికి పోగలదు. ఆ రాయిని బ్రష్షుతో రుద్దకండి. నాచు చస్తుందని రాళ్లను మరిగే నీళ్లలో వేయడం గానీ, వాటి మీద వేడినీళ్లు పోయడం గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన ఘటనలు విదేశాల్లో ఉన్నాయి.

నీళ్లు మార్చే రోజున పది లీటర్ల బకెట్టు కింద పెట్టి, సైఫన్ గొట్టం మొదలుపెట్టండి. గొట్టం కొనను నాచు మొదట్లో ఆనించి పట్టుకుని, రెండోచేత్తో పీచును వేలికి చుట్టి వేరు దగ్గర మెల్లగా మెలితిప్పి లాగండి. ఊడిన పీచు అటే గొట్టంలోకి పోతుంది. గొట్టం లేకుండా లాగితే తునకలు తేలిపోయి మరో రాయి మీద పట్టుకుంటాయి. ఒకరోజు ఒక రాయి చాలు. బాగా పట్టేసిన రాయి ఉంటే, జోవాలు లేనిదైతేనే, బయటికి తీసి ట్యాంకు నీళ్లు పట్టిన బకెట్టులో కొత్త టూత్‌బ్రష్‌తో రుద్ది, మళ్లీ లోపల పెట్టండి. కుళాయి కింద కడగకండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను మార్చేసే బ్యాక్టీరియా ఆ రాళ్లలోనే బతుకుతుంది, క్లోరిన్ తగిలితే అది చస్తుంది. అన్ని రాళ్లూ ఒకేరోజు తీయకపోవడానికి కారణం కూడా అదే. గులాబీ, ఊదా రంగుల్లో రాయికి సున్నం పూసినట్టు గట్టిగా పట్టి ఉండేది కనబడితే గోకకండి. అది కోరలైన్ నాచు, మంచిది.

ఇసుక మీది ఎర్రటి పొర వేరు. అది అసలు నాచు కాదు, సయనోబ్యాక్టీరియా. ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది, మధ్యాహ్నానికి బుడగలు పడుతుంది. నీటి కదలిక తక్కువున్న చోట, చెత్త పేరుకున్న చోట పడుతుంది. గొట్టంతో పీల్చేసి, మోటారు నీటి ధార ఆ మూలకు తిప్పండి. ఎరిత్రోమైసిన్ బిళ్ల వేస్తే పోతుందని ఎవరైనా చెప్తారు. నిజంగానే పోతుంది, దాంతో పాటు రాళ్లలోని మంచి బ్యాక్టీరియాకీ దెబ్బ తగలొచ్చు. మూడు రోజులు లైటు పూర్తిగా ఆపి, ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి, గాలి మోటారు నడుపుతూ ఉంచితే ఈ పొర చాలావరకు తగ్గుతుంది. జోవాలు దానికి తట్టుకుంటాయి. మేత, నీళ్లు సరిచేయకుండా ఇది చేస్తే మాత్రం పదిరోజుల్లో తిరిగొస్తుంది.

మీ బావమరిది మాటకొద్దాం. మైలుతుత్తమంటే రాగి లవణమే. ఆయన చెరువులో చేసేది ఆయనకు తెలిసే చేస్తారు. ఎకరాల నీళ్లు, అడుగున మట్టి ఉంటాయి, ఆ మట్టి రాగిని పట్టేసుకుంటుంది. మీ 60 లీటర్లలో ఆ చిటికెడు వేస్తే నత్తలు, పీతలు, జోవాలు ముందు పోతాయి. వెన్నెముక లేని సముద్రజీవులకు రాగి అతి కొద్ది మోతాదులోనే విషం. మిగిలిన రాగిని సున్నపు రాళ్లు పీల్చుకుని తర్వాత మెల్లగా వదులుతూ ఉంటాయి, అందుకే ఒకసారి రాగి పడిన ట్యాంకులో మళ్లీ నత్తలు నిలవడం కష్టం. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే రాగి మందు వాడేమాట నిజమే, అది కూడా వేరే ట్యాంకులో, కొలిచి. షాపు సీసా మందుకు నా అభ్యంతరం వేరు. ఏ మందైనా ఇంత నాచును ఒక్కసారి చంపితే అదంతా లోపలే కుళ్లుతుంది, రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది. మన దగ్గర నీళ్లు అసలే వెచ్చన, వెచ్చని నీళ్లలో ఆక్సిజన్ తక్కువే ఉంటుంది. ముందు నాచు ఎక్కువభాగం చేత్తో తీసేశాక, ఆ తర్వాతా మొండికేస్తే అప్పుడు మందు సంగతి ఆలోచించొచ్చు.

ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు చిన్న సంచిలో వేసి ఫిల్టర్లో పెట్టడం మంచి సాయమే. ప్యాకెట్టు మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టండి. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ నిజంగా సున్నాకి పడిపోతే డైనోఫ్లాజెలేట్లని గోధుమరంగు జిగురు పడుతుంది, అది ఈ నాచుకన్నా మొండిది. నాచు పోయాక కిట్‌లో నైట్రేట్ 5, 10 మధ్య కనబడితే సంతోషించండి. కొత్త నత్తలు సాంద్రత సరైన రెండు వారాల తర్వాతే కొనండి, నాలుగైదు చాలు. అవి పొట్టి నాచే తింటాయి, అంగుళం పీచును ముట్టవు. నాచు తింటుందని షాపులో టాంగ్ చేపను అంటగడితే తీసుకోకండి, దానికి మీ ట్యాంకు నాలుగింతలైనా చాలదు.

ఇదంతా చేస్తే ఎన్నాళ్లు పడుతుంది? ఆరు నుంచి పది వారాలు. దసరాకి పూర్తిగా శుభ్రం కాదు, సగం దారిలో ఉంటుంది. వారానికి గంట, గంటన్నర ఖాళీ కావాలి. అది మీకు కుదురుతుందంటే ఇలాగే కొనసాగించండి.

కుదరదనిపిస్తే మధ్యేమార్గం ఉంది. జోవాల రాయిని ఆ హాబీ ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేసి, చేపలనే ఉంచుకోవచ్చు. కోరల్స్ లేకపోతే రోజుకు నాలుగు గంటల లైటు చాలు, నాచుకి సగం బలం అక్కడే పోతుంది, పనీ తగ్గుతుంది. కాకపోతే అబ్బాయి ముచ్చటపడి తెచ్చుకున్నది ఆ రాయే అయ్యుండొచ్చు, అది ఇచ్చేముందు వాడిని అడగాలి.

మీ శ్రీమతి చెప్పినట్టు మొత్తం ఇచ్చేయడం కూడా తప్పుగా చూడకండి. ఆమె రోజూ నీళ్లు పోస్తున్న మనిషి, ఆ పని భారం ఆమెకూ ఉంది. క్లౌన్లు బాగా చూస్తే పదేళ్లకు పైగా బతుకుతాయి. అబ్బాయి ఇంటర్, ఆపై ఇంజినీరింగో మరొకటో, ఇంకా ఆరేళ్లు ఇంటికి దూరంగానే ఉండొచ్చు. అన్నాళ్లూ ఇది మీరిద్దరూ మోయాల్సిన పని. ఇచ్చేటట్టయితే ఇప్పటికే నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్లకే ఇవ్వండి. సముద్రంలోనో, కాలవలోనో వదలొద్దు. అమ్మగారికి మాత్రం ముందే చెప్పండి.

వీటిలో ఏది ఎంచుకున్నా పాత ఫొటోలు చూపించడం మాత్రం ఆపేయండి అని నా సలహా. మీరు ఎందుకు దాచారో అర్థమవుతోంది. హాస్టల్లో వాడు చదువు ఒత్తిడిలో ఉంటాడు, ఇంకో బెంగ ఎందుకని. చెప్తే రెండు రోజులు బాధపడతాడు, మీ మీద కొంచెం కోపం కూడా రావచ్చు. చెప్పకపోతే దసరాకి బ్యాగు దించి నేరుగా ట్యాంకు దగ్గరికే వెళ్తాడు, నాచు కన్నా ఆ ఫొటోలే ఎక్కువ బాధపెడతాయి. పైగా ఉప్పు లెక్క, మోటారు ధార, ఏ రాయి ఎక్కడుండాలి, ఇవన్నీ మీకన్నా వాడికే బాగా తెలుసు. సాయం అడిగితే వాడికి ఇల్లు దగ్గరైనట్టే ఉంటుంది. రోజూ సాంద్రత, మేత, లైటు గంటలు ఆ నోటుబుక్కులోనే ఒక్కో వరుస రాసుకుంటూ పోండి. ఈసారి వాడిని చూడ్డానికి వెళ్లేటప్పుడు తెల్ల లైటులో తీసిన ఇప్పటి ఫొటోలు, ఆ పుస్తకం రెండూ పట్టుకెళ్లండి. వాడు ముందు అడిగేది హైడ్రోమీటర్ రీడింగే అయి ఉంటుంది.